కొలువు పోయిన యింటి లెక్క



ఈ మాసమున మేము వంటయింటి సంగతులు విడిచి కర్మాగారముల సంగతి యెత్తుకొనుట చూచి మీలో కొంద ఱాశ్చర్యపడవచ్చును. విదేశపు సరకు చవుకగా వచ్చి యిచటి కర్మాగారము మూతపడుటయు, పని పోయినవారికి ప్రభుత్వమువారు సాయము చేయుటయు పురుషులు తేల్చుకొనవలసిన విషయములని తలంచువా రున్నారు. కాని జీతము నిలిచిన నెలలో పాలవానికి సమాధానము చెప్పవలసినది ఇల్లాలు. పిల్లల బడి రుసుమునకు గడువు వేడవలసినదియు, మెడలోని గొలుసు తీసి కుదువపెట్ట నీయవలసినదియు ఆమెయే. కనుక ఈ విచారము మనది కాక యెవరిది?

మా నారపల్లి వరంగల్లునకు పోవు రాజమార్గముపై నున్న యూరు. ఉప్పలునుండి బయలుదేఱి బోడుప్పలు, పీర్జాదిగూడ, మేడిపల్లి దాటినచో మా యూరు వచ్చును. మేము కాపురమునకు వచ్చిన తొలినాళ్లలో తెల్లవాఱుచుండగనే భోజనపు గిన్నెలు చేతబట్టుకొని పడమటికి, నాచారము, మల్లాపురము, మౌలాలి, చర్లపల్లి కర్మాగారములవైపు పోవువారు మా వీథిలో పలువు రుండెడివారు. ఇపుడు వారిలో కొందఱు తూర్పునకు, పోచారమున వెలసిన గాజుమేడల వాకిండ్లు కావలికాయుటకు, ఱొమ్ముపై సంస్థపేరు కుట్టిన నీలిచొక్కాలు తొడుగుకొని పోవుచున్నారు. అది పని కాదని మేమనము. కాని వెండ్రుకవాసి తేడాను వ్రేలికొనతో పట్టి చెప్పగల మనుష్యుడు వచ్చిపోవు బండ్ల సంఖ్యలు పుస్తకమున వ్రాసికొనుచు కూర్చుండుట చూచినపుడు మాకు మనసొప్పదు.

వెండ్రుకవాసి యని యూరక యనలేదు. మీ యింటి పంకా కిఱ్ఱుమని మొఱపెట్టినపుడు బాగుచేయువాడు వచ్చి, బేరింగు పోయినదమ్మా యని చెప్పును గదా! ఇరుసునకును దాని గూటికిని నడుమ ఉక్కుగుండ్లు పొదిగిన చిన్న కడియమే బేరింగు. మిక్సీలోను, నీటి మోటారులోను ఉండున దదియే. అందు మందమున రవంత యెక్కువ తక్కువైనను యంత్రము వేడెక్కి పాడగును. ఇట్టి వస్తువును మాకు నాలుగు క్రోసుల దూరమున మౌలాలిలో చేసెడివారు. మొదట ఇండో నిప్పన్ ప్రెసిషన్ బేరింగ్స్ అను పేరు గల ఆ సంస్థను 1981లో హెచ్.ఎం.టి. వారు తీసికొని హెచ్.ఎం.టి. బేరింగ్స్ అని పేరు పెట్టిరి. హెచ్.ఎం.టి. యనగా మనకు చేతిగడియారమే జ్ఞప్తికి వచ్చును. 1961లో జపాను దేశపు సిటిజన్ సంస్థవారి తోడ్పాటుతో బెంగుళూరున ఆ గడియారములు చేయుట మొదలయ్యెను. అటుపిమ్మట చాలకాలము అల్లునికి హెచ్.ఎం.టి. గడియారము పెట్టని మామగారు పిసినిగొట్టనిపించుకొనెడివాడని మా అత్తగారు చెప్పుచుందురు. ఆ గడియారమునకును ఈ బేరింగునకును యజమాని యొక్కడే. ఆ యజమాని ప్రభుత్వము.

1991 జూలైలో ఢిల్లీ ప్రభుత్వమువారు వర్తకవిధానమును మార్చిరి. ఆ యేట విదేశ వస్తువులపై అత్యధిక సుంకము నూటికి 150గా నుండెను. అది యేటేట తగ్గుచు వచ్చి, 2007 నాటికి వ్యవసాయపు సరకులు కాని వానిపై సాధారణముగా నూటికి 10కి దిగినది. దిగుమతికి పరిమితి గల వస్తువులలో కడపటి 715 వస్తువులపై కట్టడి 2001 ఏప్రిలు 1న తొలగినది. గోడ దిగినకొలది అవతలి సరకు లోపలికి వచ్చినది. మౌలాలి కర్మాగారము చెడుటకు దిగుమతి యొక్కటే కారణమనుట సత్యము కాదు. పోటీకి తగిన క్రొత్త పెట్టుబడి లేక నష్టములు పేరుకొనుట మఱియొక కారణము. మనదేశమందలి ప్రైవేటు సంస్థల పోటీయు నుండెను. ఐనను గోడ తీయుదుమని ముందుగా తెలిసినవారు లోపలివారిని సిద్ధపఱచుటయు తమ పనియే యని తలంపవలసి యుండెను.

సంస్కృత భారతమున సభాపర్వమునందు నారదమహర్షి ధర్మరాజును కుశల మడుగు నెపమున రాజధర్మము లన్నియు నడుగుట మీలో పలువు రెఱిగినదే. లాభమునకై దూరదేశములనుండి వచ్చు వర్తకులయొద్ద నీ సుంకరులు విధించిన సుంకమే పుచ్చుకొనుచున్నారా యని అం దొక ప్రశ్న. శిల్పులకందఱికిని నాలుగు మాసములకు తక్కువ గాకుండ ద్రవ్యమును పనిముట్లను ఇచ్చుచున్నావా యని మఱియొక ప్రశ్న. మా నాయనగా రీ ఘట్టమును మాకు చదివించునపుడు, ఈ రెండును ఒక్క అధ్యాయముననే యేల వచ్చినవని మే మడిగితిమి. రాజు ఒక చేత వర్తకుని లోనికి రానిచ్చునపుడు రెండవ చేత తన శిల్పిని పట్టుకొనవలెనమ్మా యని ఆయన సమాధానము చెప్పిరి. అది మహర్షి యభిప్రాయమో మా నాయనగారిదో మాకు తెలియదు గాని మాకు నచ్చినది. నీకొఱకు ప్రాణము విడిచినవారియు ఆపదల పాలైనవారియు భార్యలను భరించుచున్నావా యను ప్రశ్నయు ఆ యధ్యాయముననే కలదు. దానిని మన మాడువారము ప్రత్యేకముగా గుర్తుంచుకొనవలెను.

మన ప్రభుత్వమువారు సుంకపు ప్రశ్నకు బాగుగనే బదులు చెప్పిరి. శిల్పుల ప్రశ్నకు ఏమి చెప్పిరో చూతము.

1992 ఫిబ్రవరిలో జాతీయ నవీకరణ నిధి యని యొకటి పెట్టిరి. పేరు గొప్పది, ఉద్దేశమును గొప్పదే. క్రొత్త విధానమువలన పని పోవువారికి పరిహారము, వేఱొక విద్య నేర్పుట, క్రొత్త పని చూపుట, ఈ మూడును ఆ నిధి చేయవలసినవి. జరిగినది వేఱు. నిధిలోని ధనమున అధికభాగము కేంద్రప్రభుత్వ సంస్థలలోని వారిని స్వచ్ఛంద పదవీ విరమణ పేర ఇండ్లకు పంపుటకే వ్యయమయ్యెను. విద్య నేర్పుటకు మిగిలినది స్వల్పము. ప్రైవేటు కర్మాగారములవారికి దక్కినది లేదనియే చెప్పవచ్చును. 2000లో ఆ నిధిని ఎత్తివేసి, తరువాత ప్రభుత్వ సంస్థలవారికై శిక్షణ పథకమును వేఱుగా పెట్టిరి.

ఇక మౌలాలి సంగతి. 2016 జనవరి 6వ తేదీన కేంద్రమంత్రివర్గమువారు హెచ్.ఎం.టి. గడియారముల సంస్థను, కాశ్మీరమందలి చినార్ గడియారముల సంస్థను, హెచ్.ఎం.టి. బేరింగ్స్ సంస్థను మూసివేయుట కంగీకరించిరి. మూడింటికిని కలిపి 427 కోట్ల రూపాయలకు పైగా మంజూరు చేసిరి. పాత జీతములమీద లెక్క కట్టినచో మిక్కిలి తక్కువ వచ్చునని, 2007 నాటి జీతపు శ్రేణి తమకు వర్తించినట్లు భావించి లెక్కకట్టి పనివారి కిచ్చుటకు నిశ్చయించిరి. ఇది మంచిపనియే, కాదనరాదు. చాల కర్మాగారములవారు ఇంతకు నోచుకొనలేదు.

కాని ఒక్కసారిగా చేతికి వచ్చు ధనముయొక్క స్వభావము ఇల్లు నడపు స్త్రీకి తెలిసినట్లు ఢిల్లీలో లెక్కలు వ్రాయువారికి తెలియదు. నెలజీతమునకు ఎవరును ఆశపడి రారు. మొత్తము వచ్చినదని తెలిసిన దినమున చిట్టీలవాడు వచ్చును, భూమి బేరగాడు వచ్చును, మఱచిపోయిన బావమఱదియు వచ్చును. పెద్దపిల్ల పెండ్లి రెండేండ్లు ముందుకు జరుగును, ఏలయన ధన మున్నపుడే కానిమ్మని అందఱును చెప్పుదురు. మిగిలినదానితో ఒక ఆటో కొందురు. నలుబది యెనిమిదేండ్లవాడు జన్మలో తొలిసారిగా ఆ ఆటో నడుప మొదలిడును. ఇట్లు వ్యయ మైనదని ఆ యింటివారిని నిందించుట మా యుద్దేశము కాదు. పెండ్లి చేయుట దుబారా కాదు. ఆ ధనము పని విడిచినందుకు ఇచ్చిన వెలయే గాని మఱియొక పనికి మార్గము కాదని మే మనుచున్నాము. వెల యిచ్చినవాడు తన ఋణము తీరినదనుకొనును. పుచ్చుకొన్నవాని కష్టము ఆ దినమున మొదలగును.

ఇంతకన్న చిన్నవారి గతి చెప్పవలసి యున్నది. పెద్ద కర్మాగారము చుట్టును చిన్న షెడ్లు బ్రతుకును. పెద్దదానికి కావలసిన కడియములు, మరలు, మూతలు పదిమంది పనివారు గల షెడ్డులో తయారగును. మంత్రివర్గము తీర్మానించినది ఆ షెడ్డువారిని గూర్చి కాదు. మా వీథి కొసనున్న యొక యిల్లాలి భర్త పదునాలుగేండ్లు అట్టి షెడ్డులో లేతుయంత్రముమీద పనిచేసెను. విదేశపు మరలు సగము ధరకు రాగా యజమానికి బేరములు నిలిచినవి. "అక్కా, గేటుకు తాళం ఏసినమని మాకు జెప్పినోళ్లు లేరు. డ్యూటీకని పోయిండు, టిఫిను గిన్నె గట్లనే పట్టుకొని ఇంటికి వచ్చిండు" అని ఆమె మాతో చెప్పినది. ఆమె ఇపుడు కుట్టుపనికి పోవుచున్నది. జీతపు చీటి యెన్నడును చేతికి ఇయ్యలేదట. ఎన్నేండ్లు చేసినదియు కాగితముపై రుజువు లేదు. చట్టప్రకారము పనినుండి తొలగించినపుడు సేవచేసిన ప్రతి సంవత్సరమునకు పదునైదు దినముల వేతన మియ్యవలెను. పదునాలుగేండ్లకు రెండువందల పది దినముల వేతనము. ఆ లెక్క మేము వేసి చూపినపుడు ఆమె నవ్వి, పిల్లవానికి ముక్కు తుడువసాగినది.

పంకా బేరింగు మార్చినపుడు మేమును విదేశపుదే కొంటిమి. బాగుచేయువాడు తెచ్చినది అదే. అందు తప్పు లేదు. బడిపంతులు జీతముతో నడచు యింట నాలుగు రూపాయలు మిగులుట పాపము కాదు, దేశమున కోట్ల యిండ్లలో అట్లే మిగిలినవి. కాని ఇన్ని యిండ్లకు తలకు నాలుగు రూపాయలు మిగిల్చిన ఏర్పాటే కొన్ని యిండ్ల జీతమును మొత్తముగా తీసివేసినది. మిగిలినవారు పోయినవారికి కొంత యిచ్చుట దానము కాదు, బాకీ. ఈ బాకీని వసూలు చేయగలది ప్రభుత్వ మొక్కటియే, ఎవరి కెంత మిగిలినదో మనమెవరమును లెక్కవ్రాయలేము గనుక.

ఈ న్యాయము ఇతరదేశములకు తెలియనిది కాదు. అమెరికా అధ్యక్షుడు కెన్నెడీ 1962లో సుంకములు తగ్గించు చట్టము చేయించినపుడు, జాతి మేలునకై చేసిన నిర్ణయమువలన నష్టపడువారి భారమును జాతియు కొంత మోయవలెనని అందులోనే పనివారికి సహాయము ఏర్పాటు చేయించెను. ఐతే షరతులు ఎంత కఠినముగా వ్రాసిరనగా 1969 వఱకు ఒక్క పనివానికిని అది దక్కలేదు! 1974 చట్టము వానిని సడలించిన పిమ్మట లక్షలమందికి చేరినది. క్రొత్త విద్య నేర్చునంతకాలము భృతి, పని వెదకుటకు ప్రయాణపు ఖర్చు, వేఱూరికి కాపురము మార్చుటకు కొంత సొమ్ము ఇచ్చెడివారు. ఏబది యేండ్లు దాటినవాడు తక్కువ జీతపు పనిలో చేరినచో పాతజీతమునకును క్రొత్తజీతమునకును గల తేడాలో సగమును రెండేండ్లపాటు ఒక పరిమితివఱకు ఇచ్చుట మాకు మిక్కిలి నచ్చిన నియమము. ఆటో కొనిపెట్టుటకన్న ఇది మేలు. ఆ పథకపు చట్టము గడువు తీరి 2022 జూలై 1నుండి క్రొత్తవారి దరఖాస్తుల నంగీకరించుట నిలిచిపోయినది.

అంతదూర మేల? మనదేశముననే 1986లో మూతపడిన బట్టలమిల్లుల పనివారికై పెట్టిన పునరావాస నిధి పథకమున మొదటి యేట వేతనములో నూటికి 75, రెండవ యేట 50, మూడవ యేట 25 చొప్పున ఇచ్చు పద్ధతి యుండెను. ఇల్లాలు సంసారము సర్దుకొనుటకు ఇదే సరియైన లెక్క. ఒక్కసారిగా అటుకనుండి పడక మెట్లు దిగినట్లుండును. మూడేండ్లలో మనుష్యుడు వేఱొక విద్య నేర్చుకొనగలడు. నలమహారాజు రాజ్యము పోగొట్టుకొని ఋతుపర్ణునికడ అశ్వశాలలో చేరినపుడు, తన యశ్వవిద్య నాతని కిచ్చి యాతని యక్షవిద్యను తాను నేర్చెను. ఆ క్రొత్తవిద్యతోనే పిదప రాజ్యము గెలిచెను. కాని ఋతుపర్ణుడు అన్నము పెట్టుచున్నాడు గనుక గదా నలునకు నేర్చుకొనుటకు తీరిక చిక్కినది! ఆకలితో నున్నవానికి సాయంకాలపు శిక్షణ తరగతి యేమి తలకెక్కును?

2020లో చేసిన పారిశ్రామిక సంబంధాల స్మృతి 2025 నవంబరు 21న అమలులోనికి వచ్చినది. అందు క్రొత్త విద్య నేర్చుటకు ఒక నిధి యున్నది. పనినుండి తొలగింపబడిన ప్రతివానికిని యజమాని పదునైదు దినముల వేతనము ఆ నిధికి కట్టవలెను. తొలగించిన 45 దినములలో అది పనివాని ఖాతాలో పడవలెను. పరిహారమునకు పైన ఇది యదనము. పదునైదు దినములలో ఏ విద్య వచ్చునని మే మడుగుదుము. లేతుయంత్రము నడపువాడు కంప్యూటరు ఆజ్ఞలతో నడచు క్రొత్త యంత్రమును నేర్చుటకు మాసములు పట్టును.

ఇక మన చేతిలో నున్న సంగతి చెప్పెదము. నాచారమున ఇ.ఎస్.ఐ. ఆసుపత్రి యున్నదని మనవా రందఱు ఎఱుగుదురు. జ్వరము వచ్చిన పోవుదురు, పురుడు వచ్చిన పోవుదురు. ఆ కార్డుమీద నిరుద్యోగభృతి కూడ కలదని ఎఱిగినవారు తక్కువ. 2005 ఏప్రిలు 1న ఏర్పడిన రాజీవ్ గాంధీ శ్రామిక కల్యాణ యోజన ప్రకారము కర్మాగారము మూతపడుటవలన గాని తొలగింపువలన గాని పని పోయినవారికి మొదట ఆఱు మాసములు సగము వేతన మిచ్చుటకు నిర్ణయించిరి. తరువాత దానిని రెండేండ్ల వఱకు పెంచి రెండవయేట పావువంతుగా చేసిరి. ఆ కాలమున కుటుంబమునకు వైద్యమును ఉండును. కాని మూతపడినదని చట్టప్రకారము రుజువు కావలెను. తాళమువేసి మాటాడక పోయిన యజమాని రుజువు వ్రాసియిచ్చునా? 2018 జూలై 1న మొదలైన అటల్ బీమిత్ వ్యక్తి కల్యాణ యోజన ఇంతకన్న సులభము. అందు మొదట పావువంతు వేతన మిచ్చి, 2020లో మహమ్మారి కాలమున సగమునకు పెంచిరి. అది తొంబది దినములకే, జీవితమున కొక్కసారియే. నారదుడు నాలుగు మాసములకు తక్కువ గాకుండ అనెను. మనవారు మూడు మాసములకు ఆగిరి. ఈ పథకపు గడువును ఎప్పటికప్పుడు పొడిగించుచు వచ్చిరి గనుక, దరఖాస్తు పెట్టునపుడు ఆనాటి నియమమును ఇ.ఎస్.ఐ. శాఖాకార్యాలయమున అడిగి తెలిసికొనవలెను.

ఈ సాయములన్నియు కాగితమును చూచి వచ్చునవే గాని మనుష్యుని చూచి వచ్చునవి కావు. భర్తలు సామాన్యముగా కాగితములు దాచరు. చొక్కా జేబులోనే ఉతుకునకు పోవును. కాబట్టి పని యున్న నాడే, అంతయు సవ్యముగా నున్న నాడే, ఒక రేకుపెట్టెలో ఇవి చేర్చుడు. పనిలో చేరిన నాటి ఉత్తరువు, అది లేనిచో జీతము బ్యాంకులో పడినట్లు చూపు పుస్తకము. ప్రతి నెల జీతపు చీటి. ఇ.ఎస్.ఐ. సంఖ్య, ప్రావిడెంటు ఫండు సంఖ్య, వానితో పేరు, పుట్టిన తేదీ, ఆధారు, బ్యాంకు పుస్తకము మూడింటను ఒక్కతీరుగా నున్నవో లేదో చూచుట. మా వారికడకు కాగితములు చదివించుకొనుటకు వచ్చువారిలో ఎక్కువమందికి చిక్కు ఇచటనే వచ్చినది. ఒకచోట ఇంటిపేరు ముందు, ఒకచోట వెనుక. అంతమాత్రమున దరఖాస్తు తిరిగివచ్చును. జీతపు చీటి ఇయ్యని షెడ్డులో పని చేయువారు రోజువారీ హాజరు, ఇచ్చిన సొమ్ము ఒక నోటుపుస్తకమున వ్రాసికొని తోడి పనివారి సంతకము పెట్టించుకొనుట మేలు. అది పూర్ణమైన రుజువు కాకున్నను, కార్మికశాఖవారి యెదుట ఒట్టిచేతులతో నిలుచుటకన్న నయము.

కంట్రాక్టరు క్రింద పని చేయువారి పేరు కర్మాగారపు పుస్తకములో నుండదు, కంట్రాక్టరు పుస్తకములో నుండవలెను. వానిచే ఇ.ఎస్.ఐ. చందా కట్టించుచున్నాడా లేదా యని ఇంటనుండియే సెల్ ఫోనుమీద చూచుకొనవచ్చును. పెద్ద తరగతి చదువు పిల్లలు రెండు నిముషములలో చూపగలరు. జీతమునుండి చందా కోసి కట్టనివా రున్నారు. అట్లు తేలినచో ఊరకుండక వెంటనే ఫిర్యాదు వ్రాయవలెను, పని పోయిన తరువాత వ్రాసిన దానికి బల ముండదు.

ప్రావిడెంటు ఫండునుండి పింఛను ఎన్నేండ్ల సేవకు వచ్చును, నడుమ తీసికొన్నచో ఏమి నష్టపోవుదుము అను సంగతి వచ్చు మాసమున వ్రాసెదము.